ముందుకు జరిపిన సీటు

పుంగనూరు,
మంగళవారం.

చిరంజీవి గీతకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, మీ నాన్న క్షేమం. అక్కడ నువ్వు వేళకు తింటూ, వేళకు పడుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. క్షేమం అనే మాట దగ్గర ఈసారి పెన్ను కాస్త ఆగింది. ఒంటికి ఏ జబ్బూ లేదు కాబట్టి అబద్ధం కాదులే అని రాసేశాను.

నీ ఉత్తరం శనివారం అందింది. "పోలీసమ్మ జాబు వచ్చిందమ్మో" అని వీధంతా వినపడేలా అరిచి మరీ ఇచ్చిపోయాడు పోస్టుమ్యాను. ట్రైనింగులో ఆదివారం పది నిమిషాలు ఫోను ఇస్తారు కదా, మళ్ళీ ఈ ఉత్తరాలెందుకని మీ నాన్న గొణిగాడు. నీ ఫోను వస్తే స్పీకరులో పెట్టి పక్కనే కూర్చుంటాడు ఆయన. నేను ఏం వాగేస్తానో అని నా ముఖమే చూస్తుంటాడు. అందుకే ఆయన మదనపల్లెకు పోయిన పూట చూసుకుని ఇది రాస్తున్నాను.

పరుగులో మోకాలు నొప్పెడుతోందని రాశావు. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి రుద్దుకో. అక్కడ నూనె వెచ్చబెట్టనివ్వరంటే ఎండలో పెట్టుకో. మీ సార్లు కసురుతున్నారని బాధపడకు, మీ నాన్న దగ్గర డ్రైవింగు నేర్చుకున్న నాకంటే ఎక్కువ తిట్లు ఎవరూ తిని ఉండరు. స్కూలు బస్సులో అరవైమంది పిల్లల గోల ఓర్చుకునే మనిషి, నేను క్లచ్ తొందరగా వదిలితే మాత్రం ఓర్చుకోలేడు.

ఇక నీ ప్రశ్నల దగ్గరికి వస్తాను. యాక్సిడెంటు జరిగితే డ్రైవరు ఏమేం చేయాలో మీ క్లాసులో చెప్పారని ఒక పేజీ నిండా రాసి, అందులో మనవాళ్ళు ఏవి చేశారు, ఏవి చేయలేదు అని అడిగావు. మూడు వారాల కిందట బైరెడ్డిపల్లె దగ్గర మన కారు తగిలి నల్లప్ప అనే ఆయన పడిపోయాడని నీకు ఫోనులో చెప్పింది నాలుగు ముక్కలే. అమ్మను ముద్దాయిని చేసి అడుగుతున్నావే అని మొదట నవ్వొచ్చింది. చివరి ప్రశ్న చదివాక నవ్వు పోయింది. దానికి చివర్లోనే జవాబు రాస్తాను, ఓపిక పట్టు.

బండి ఆపారా అని అడిగావు. ఆపాము. పారిపోవాలనే ఆలోచన మీ నాన్నకు రాలేదు. కుప్పంలో మీ కిషోర్ మామ కొత్త ఇంటి గృహప్రవేశానికి పోతున్నాం. పొద్దున తొమ్మిది గంటలు, ఎండ బాగా ఉంది. బైరెడ్డిపల్లె ఇంకా రాలేదు. మలుపులో ఒక పొట్టి ఆవు రోడ్డు దాటింది, దాని వెనక దూడ దాటలేక నిలబడింది. దూడను లాగడానికి నల్లప్ప అడ్డం వచ్చాడు. దూడకు ఏమీ కాలేదు, ఆయనకే తగిలింది. తొడ ఎముక విరిగింది, తల వెళ్ళి రాయికి కొట్టుకుంది.

పొలాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఒకాయన సోడా తెచ్చి నోట్లో పోయబోతే మీ నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "వద్దప్పా, మతి లేని మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అన్నాడు. ఇద్దరు కుర్రవాళ్ళు మోటారు సైకిలు తెచ్చి, మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోతామన్నారు. దానికీ ఒప్పుకోలేదు. "మెడ కదిలిస్తే మనిషి దక్కడు. నన్ను కొట్టాలనుంటే కొట్టండి, ఆయప్పను మాత్రం ముట్టొద్దండి" అని, తల కదలకుండా తన రెండు చేతుల మధ్య పట్టుకుని ఆ ఎండలో అట్లాగే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. 108కి నేను ఫోను చేశాను. మైలురాయి మీద నంబరు చూసి చెప్పాను కాబట్టి బండి వెతుక్కోకుండా వచ్చింది. అట్లా కదిలించకుండా ఉంచడమే మేలైందని కుప్పం ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. ఆ మాట వరకు మీ నాన్న గురించి నువ్వు గర్వపడొచ్చు.

ఫోటోల సంగతి అడిగావు. బండి ఉన్నచోట ఉండగా తీయలేదు. బస్సు వెనక బస్సు ఆగి హారన్లు కొడుతుంటే జనమే తోసి పక్కన పెట్టారు. తర్వాత మీ నాన్న తలుపు తెరిచి, అద్దం పగిలిందీ, ముందు భాగం సొట్టపోయిందీ తీశాడు. నీకు వాట్సాప్‌లో పెట్టింది అదే. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, మీ నాన్న సంతకం పెట్టాడు, స్టేషనులోనే బెయిలు ఇచ్చారు. ఇన్సూరెన్సు వాళ్ళకు మర్నాడు చెప్పాము. వాళ్ళ మనిషి వచ్చి నన్నూ అడిగాడు, మీరు ఎక్కడ కూర్చున్నారమ్మా అని. ఎడమ పక్క అన్నాను.

కేసు తేలేదాకా బస్సు ఎక్కవద్దని స్కూలు వాళ్ళు మీ నాన్నకు చెప్పేశారు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క గీత పడనివ్వని మనిషి. ఉదయం ఆరుకే లేచి, స్నానం చేసి, ఖాకీ చొక్కా వేసుకుని, మళ్ళీ విప్పి కొక్కేనికి తగిలిస్తాడు. ఇవాళ కూడా స్కూలు వాళ్ళను అడుక్కోవడానికే పోయాడు.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. "అమ్మా, ఆ ఫోటోలో డ్రైవరు సీటు ముందుకు జరిపి ఉంది. నాన్న కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకు తగులుతాయి. ఎందుకు?" అని ఒక్క వరుసలో అడిగి, కింద సంతకం పెట్టేశావు.

ఎందుకంటే ఆ సీటు నా కాళ్ళకు జరిపింది, గీతా. బండి నడిపింది నేనే.

ఆ వరుస రాసి లేచిపోయి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లో కాసేపు నిలబడి వచ్చాను. ఇక మిగిలిందంతా చెప్పేస్తాను.

నాకు ఎల్ఎల్ఆర్, అదే నేర్చుకునేవాళ్ళకిచ్చే కాగితం, వచ్చి అప్పటికి రెండు నెలలు. నువ్వూ నేర్చుకోమ్మా అని వెంటపడి మదనపల్లెలో పరీక్ష రాయించింది నువ్వే కదా. కారు ముందొకటి వెనకొకటి ఎర్ర ఎల్ అక్షరం అంటించి, మీ నాన్న పక్కన కూర్చుంటే, చౌడేపల్లె దాకా పోయి వచ్చేదాన్ని. ఆ రోజు పలమనేరు దాటాక మీ నాన్న "ఇంగ నువ్వు తోలు, రోడ్డు ఖాళీగా ఉండాది" అన్నాడు. నేను సీటు ముందుకు జరుపుకుని కూర్చున్నాను. పొద్దున బయలుదేరే ముందే ఆ ఎల్ బోర్డులు రెండూ నేను పీకేసి బ్యాగులో పెట్టుకున్నాను. మీ శోభ అత్త నోరు నీకు తెలుసు. "వదినా, ఈ వయసులో ఒకటో తరగతిలో సేరినావా" అని గృహప్రవేశానికి వచ్చిన నలుగురిలో నవ్విస్తుందని సిగ్గుపడ్డాను. సిగ్గుపడాల్సింది దేనికో నాకు అప్పుడు తెలియలేదు.

మలుపులో ఆవును చూసి బ్రేకు వేశాను. దూడను చూడలేదు. నల్లప్ప కనపడేసరికి కాలు బ్రేకు మీదే ఉంది, అయినా బండి ఆగలేదు. హారన్ కొట్టానా అని అడుగుతావు. కొట్టలేదు. చేతులు రెండూ స్టీరింగుకు అతుక్కుపోయాయి.

మీ నాన్న ముందు పడినాయన దగ్గరికి పోలేదు. అది రాయాలంటే నాకు కష్టంగా ఉంది. చుట్టూ తిరిగి నా తలుపు దగ్గరికి వచ్చి, రెక్క పట్టుకుని నన్ను దించాడు. "నీకు లైసెన్సు లేదు. బోర్డు గూడా లేదు. ఆడమనిషని సూడరు, కొట్టి సంపేస్తారు. తోలింది నేను. నువ్వు పక్కన కూసోనుండావు. గమ్మునుండు" అన్నాడు. నేను గమ్మునున్నాను. ఆ తర్వాతే ఆయన పరుగెత్తి నల్లప్ప తల పట్టుకున్నాడు. ఆలస్యమైంది ఒక నిమిషం కంటే తక్కువే కావచ్చు. కానీ ఆ నిమిషంలో నల్లప్ప కళ్ళు తెరిచే ఉన్నాయి. ముందు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

అంతటితో పోయుంటే నేను నీకు కూడా చెప్పకుండా బతికేసేదాన్నేమో. తప్పు మీ నాన్న నెత్తిన వేసుకున్నాడు, కోర్టులో ఏదో తేలుతుంది, నేను రెండు రోజులకొకసారి బస్సులో కుప్పం పోయి నల్లప్పకూ ఆయన భార్య తాయమ్మకూ క్యారియరు ఇచ్చి వస్తున్నాను కదా అని మనసుకు సర్ది చెప్పుకున్నాను. తొమ్మిదో రోజు నల్లప్పకు బాగా తెలివి వచ్చింది. ఆ రోజు నేను వార్డు బయట ఉన్నాను. తాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వచ్చింది.

"అమరావతమ్మా, మా ఆయనకు మతి పోయిందమ్మా. తలకు తగిలిండాది కదా. బండి తోలింది ఆడమనిషి అంటాండాడు. పచ్చ సీర కట్టుకోనుండాది అంటాండాడు. పోలీసోళ్ళు సెప్పినా, డాక్టరు సెప్పినా ఇనడు."

యాక్సిడెంటు రోజు నేను కట్టుకున్నది ఆకుపచ్చ చీరే. నేను తాయమ్మ వీపు నిమిరాను. "తగ్గిపోతుంది లేమ్మా" అన్నాను. గీతా, ఆ మాట అన్నది మీ అమ్మే.

అప్పటినుంచి పన్నెండు రోజులుగా అదే కథ. ఆయన అదే మాట చెబుతాడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటారు. డాక్టరు తలకు సంబంధించిన మాత్రలు పెంచాడు. అవి మింగి ఆయన మధ్యాహ్నమంతా మత్తులో ఉంటాడు. మొదట్లో కోపంగా చెప్పేవాడు. పోయిన శుక్రవారం నేను వెళితే, "అమ్మా, నాకే అట్ల కనపడిండాదేమో. మా నాయనకూ సివర్లో మతి పోయినాది" అన్నాడు నాతో. నన్ను గుర్తుపట్టలేదు. ముఖం తిప్పుకుని క్యారియరు మూత తీయడం రానిదానిలా చాలాసేపు తీశాను.

ఆదివారం ఇంకో మాట తెలిసింది. మతిలేని మనిషి చేతికి ఆవును అప్పగిస్తే మళ్ళీ రోడ్డు మీద పడతాడని, ఆవునూ దూడనూ ఈ శుక్రవారం పలమనేరు సంతకు తోలాలని తాయమ్మ నిశ్చయించుకుంది. నల్లప్పకు ఇంకా చెప్పలేదట. ఆయన మాత్రం మంచం మీద నుంచి ఒకటే పట్టు పట్టాడు. "కాణిపాకం పోదాం. వినాయకుడి ముందర నేను సూసింది నేను సెప్తా. ఆయప్పను గూడా రమ్మను, తోలింది నేనే అని పెమాణం సేయమను. ఆయప్ప సేసినాడంటే నాకు మతి పోయినట్టే, ఇంగ ఆ మాటే ఎత్తను" అన్నాడట.

ఆ మాట నేను అన్నం వడ్డిస్తూ మీ నాన్నకు చెప్పాను. స్టేషనులో పెన్ను తీసుకుని గడగడా సంతకం పెట్టిన మనిషి, కాణిపాకం అనగానే కలిపిన ముద్ద కంచంలో వదిలేశాడు. నీకు తెలుసు కదా మనవాళ్ళ సంగతి. కోర్టులో ఏమైనా చెబుతారు గానీ ఆ దేవుడి ముందు అబద్ధం చెప్పేవాడు మన చుట్టాల్లో ఇంతవరకు లేడు.

"పోతావా?" అని అడిగాను.

"కాలు బాగైనాక సూద్దాం."

"అంతవరకు ఆయప్ప పిచ్చోడుగా ఉండాల్నా?"

"బిడ్డ పోలీసుద్యోగంలో సేరతాండాది. తల్లి తోలి మనిషిని పడేసింది, తండ్రి దొంగ సంతకం పెట్టినాడు అని దాని ఫైల్లో రాస్తే? నీకు తెలీదు, గమ్మునుండు."

నిన్ను అడ్డం పెట్టుకున్నాడు. అది ఆయన దగ్గరున్న ఒక్కటే కారణం అని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అది నిజమో కాదో నాకు తెలియదు. భయంగానే ఉంది.

సోమవారం మదనపల్లెలో డ్రైవింగు స్కూలాయనను, మాకు తెలిసినవాళ్ళ కథ అని కల్పించి అడిగి వచ్చాను. "ఎల్ఎల్ఆర్ ఉండి, పక్కన లైసెన్సు ఉండే మనిషి కూసోనుంటే తోలొచ్చు కదమ్మా, దాంట్లో తప్పేముండాది? బోర్డు పీకేసింది ఒక తప్పు, దానికి ఫైను కడతారు. గుద్దినదానికి కేసు ఎట్లా తప్పదు. మనిషిని మార్చి సెప్పినారు సూడు, అది పెద్ద తప్పు. ఇన్సూరెన్సు వాళ్ళకు తెలిస్తే ఆ పడినాయనకు రావాల్సిందానికే మెలిక పెడతారు" అన్నాడు. ఇన్నేళ్ళు బండి నడిపిన మీ నాన్నకు, ఎల్ఎల్ఆర్ అంటే లైసెన్సు కాదనే తెలుసు. పరీక్ష రాసిన నాకు తెలియాలి. పుస్తకంలో చదివాను కూడా. రెక్క పట్టుకుని దించినప్పుడు ఒక్క అక్షరం గుర్తుకు రాలేదు.

మీ నాన్న వచ్చినట్టుంది, గేటు చప్పుడైంది. మిగతాది మళ్ళీ రాస్తాను.

గురువారం.

ఉత్తరం పోస్టు చేయలేదు. బియ్యం డబ్బాలో దాచాను, ఆ ఎల్ బోర్డుల పక్కనే. అవి మూడు వారాలుగా అక్కడే ఉన్నాయి.

నిన్న పొద్దున మీ నాన్నకు చెప్పకుండా కుప్పం బస్సెక్కాను. క్యారియరు తీసుకుపోలేదు. అన్నం చేతిలో ఉంటే మళ్ళీ అన్నం ఇచ్చేసి వచ్చేస్తానని నా మీద నాకే అనుమానం. ఆ పచ్చ చీరే కట్టుకున్నాను. బస్సు ఆ మలుపు తిరిగేటప్పుడు కళ్ళు మూసుకుందామనుకున్నాను గానీ మూసుకోలేదు. రోడ్డు పక్క మన అద్దం ముక్కలు ఇంకా మెరుస్తున్నాయి.

నల్లప్ప మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. మాత్ర ఇంకా ఇవ్వలేదు. తాయమ్మ కింద కూర్చుని ఉంది. నేను నిలబడే ఉన్నాను. బస్సులో అనుకున్న మాటలన్నీ పోయాయి.

"నల్లప్పా, నీకు మతి పోలేదు" అన్నాను. "బండి తోలింది ఆడమనిషే. నేనే తోలినాను."

తాయమ్మ నన్ను చూసింది, ఆయనను చూసింది. ఆయన నా చీర చూశాడు. చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను, చెప్పు అందితే విసురుతాడనుకున్నాను. ఆయన భార్య వైపు తిరిగి, చిన్నపిల్లవాడిలా గట్టిగా అన్నాడు.

"సూసినావా తాయమ్మా! నాకు మతి ఉండాది! నాకు మతి ఉండాది!"

పక్క మంచాల వాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు, కళ్ళ నీళ్ళు మాత్రం గడ్డంలోకి కారుతున్నాయి. ఒక మనిషికి నేను కాలు విరగ్గొట్టడం కంటే ఎక్కువ ఏం కీడు చేశానో అప్పుడు తెలిసింది. తాయమ్మ లేచి నా మీదికి వచ్చింది. "దినామూ అన్నం పెట్టి నా వీపు నిమిరితివి కదే!" అని నా భుజం మీద రెండు దెబ్బలు కొట్టింది. కొట్టనిచ్చాను. మూడోసారి చెయ్యి ఎత్తి, అట్లాగే నేల మీద కూలబడింది.

"యాల ఇన్ని దినాలు సెప్పలేదమ్మా?" అని అడిగాడు నల్లప్ప.

"భయమప్పా" అన్నాను.

"హారన్ కొట్టినావా?"

"లేదు."

"అదీ నిజమే. నాకు ఇనపడలే" అన్నాడు. తన చెవులు కూడా బాగానే ఉన్నాయని తేల్చుకున్నట్టు తల ఊపాడు. అప్పుడు ఆవు సంగతి నేనే చెప్పాను. ఆయన తాయమ్మను చూసిన చూపు నేను రాయలేను. ఆవు సంతకు పోదు. అది ఒక్కటి మాత్రం జరిగిపోయింది. నన్ను క్షమించానని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి మీ నాన్నకు చెప్పాను. ఆయన భోజనం చేయలేదు. నేను కూడా బతిమాలలేదు. పొద్దున ఆరింటికి లేచి చూస్తే మంచం మీద లేడు. ఖాకీ చొక్కా కొక్కేనికే ఉంది. వీధిలోకి పరుగెత్తాను. స్టేషను నుంచి తెచ్చాక అద్దం కూడా వేయించకుండా ఇంటి ముందు పెట్టిన కారులో, ఎడమ పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. యాక్సిడెంటు తర్వాత ఆయనే వెనక్కి తోసేసిన డ్రైవరు సీటు మళ్ళీ ముందుకు జరిపి ఉంది, సరిగ్గా నా కాళ్ళకు.

"ఆ దినం ఇట్ల ఉండె" అన్నాడు నన్ను చూడకుండా. "నేను ఈడ, నువ్వు ఆడ. ఇట్లనే సెప్దాం."

కాసేపట్లో బైరెడ్డిపల్లె పోలీసు స్టేషనుకు బస్సులో పోతున్నాం. కారు ముట్టుకునే ధైర్యం నాకు ఇంకా లేదు. ఎల్ బోర్డులు రెండూ బ్యాగులో పెట్టుకున్నాను, అడిగితే చూపించడానికి. నా మీద కేసు మారుతుంది, తప్పుడు మాట చెప్పినందుకు మీ నాన్న మీద ఇంకొకటి పెడతారేమో. స్కూలు బస్సు మళ్ళీ ఇస్తారో లేదో. నీ ఫైల్లో ఏం రాస్తారో. ఇవేవీ నాకు తెలియవు. దారిలో పోస్టాఫీసు డబ్బాలో ఈ ఉత్తరం వేస్తాను, ఇక వెనక్కి తిరగకుండా ఉండటానికి.

నువ్వు రాసిన పేజీలో అన్నిటికంటే కింద, తొందరలో రాసినట్టు, "పోలీసులకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి" అని ఉంది. దాన్ని పైన రాసుకో, బిడ్డా. రేపు నువ్వు స్టేషనులో కూర్చున్నప్పుడు, తలకు దెబ్బ తగిలిన మనిషి ఎవరైనా వచ్చి ఎవరూ నమ్మని మాట చెబితే, సీటు ఎక్కడుందో చూడు. నూనె రుద్దుకోవడం మరిచిపోకు.

ఇట్లు,
ఆ రోజు బండి నడిపిన
మీ అమ్మ,
అమరావతి.